సుడిదోమ రాకముందే వరిచేనులో ఇన్ని సాలీళ్లు ఏం తిని బతుకుతున్నాయి?

ప్రశ్న
జీవశాస్త్ర ఉపాధ్యాయిని, పశ్చిమ గోదావరి డెల్టా

ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఆవరణ వ్యవస్థల పాఠం చెప్పేటప్పుడు ఆహార గొలుసుకు ఉదాహరణగా మా పిల్లలందరికీ తెలిసిన వరిచేనునే తీసుకుంటాను. వరి, దాని రసం పీల్చే సుడిదోమ, దోమను తినే సాలీడు, సాలీడును తినే కప్ప, కప్పను మింగే పాము, ఆ పైన గద్ద. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ శక్తిలో పదో వంతు మాత్రమే మిగులుతుందనీ, అందువల్ల పై మెట్లలో ఉండే జీవుల సంఖ్య తగ్గుతూ పోతుందనీ పాఠంలో ఉంటుంది.

ఈ సార్వాలో, అంటే ఖరీఫ్ పంటలో, పిల్లలను చేనికి తీసుకెళ్లి ఇదే చూపించబోతే లెక్క తిరగబడింది. నాట్లు పడి మూడు వారాలు కూడా నిండని పైరు అది. దుబ్బుల మొదళ్లలో, నీటి మట్టానికి కాస్త పైన, బూడిద రంగు సాలీళ్లు ఎక్కడ చూసినా ఉన్నాయి. కొన్ని ఆడ సాలీళ్లు తెల్లని గుడ్ల సంచిని పొట్ట చివర అంటించుకుని నీటి మీదే పరుగెత్తుతున్నాయి. దుబ్బులను వంచి తట్టి చూస్తే మాత్రం సుడిదోమ ఒకటీ అరా తప్ప కనిపించలేదు. తినేవి ఇన్ని ఉండి, తినబడేవి దాదాపు లేకపోతే ఇవి ఎలా బతుకుతున్నాయని ఒక విద్యార్థి అడిగాడు. ఆకలికి ఓర్చుకుని దోమ కోసం ఎదురుచూస్తున్నాయని చెప్పడం నాకు సమాధానంగా తోచలేదు, ఎందుకంటే ఆకలితో ఉన్న జీవి గుడ్లు పెట్టదు.

దీనికి తోడు మరో సందేహం కూడా ఉంది. మా ప్రాంతంలో చాలామంది మొదటి దఫా యూరియాతో పాటే, పురుగు కనిపించకపోయినా, ముందు జాగ్రత్త అంటూ ఏదో ఒక పురుగుమందు వాడుతున్నారు. సాలీళ్లు ఇంత ముందుగానే చేనులో ఉంటే ఆ మందు ప్రభావం వాటి మీద ఎలా ఉంటుందో, ఆ తర్వాత వచ్చే దోమ మీద ఎలా ఉంటుందో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం
కీటకశాస్త్ర పరిశోధక విద్యార్థి

అమ్మా, మీ పిల్లలు చూసింది నిజమే. పాఠంలోని గొలుసులో సగభాగమే ఉంది. వరిచేనులోకి ఆహారశక్తి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి మనం బోధించే దారి, అంటే ఎండను పట్టుకున్న పచ్చని వరి, దాన్ని తినే పురుగు, ఆ పురుగును తినే మరో జీవి. రెండోది బురదలోంచి వచ్చే దారి. గత పంట మోళ్లు, దమ్ములో తొక్కిన పచ్చిరొట్ట, పశువుల ఎరువు, గట్ల మీది నుంచి రాలిన గడ్డి, నీటిలో పెరిగి చచ్చిన నాచు, ఇవన్నీ ఎప్పుడో ఎండను పట్టి దాచిన శక్తే. నీరు పెట్టి దమ్ము చేయగానే బ్యాక్టీరియా, బూజులు వీటిని కుళ్లబెట్టడం మొదలుపెడతాయి. ఆ కుళ్లునూ, దాని మీద పెరిగే సూక్ష్మజీవులనూ తింటూ అసంఖ్యాకంగా చిన్న జీవులు పుట్టుకొస్తాయి.

మీరు మళ్లీ చేనికి వెళ్లినప్పుడు దుబ్బు పక్కనున్న బురదను ఒక తెల్లని పళ్లెంలోకి తీసుకుని నీటితో పలుచన చేసి చూపించండి. దారపు ముక్కల్లా మెలికలు తిరిగే ఎర్రని పురుగులు కనిపిస్తాయి. అవి కైరోనమిడ్ అనే చిన్న ఈగల పిల్లపురుగులు. గాలి అందని బురదలో ప్రాణవాయువును పట్టి ఉంచుకోవడానికి వాటి ఒంట్లో హీమోగ్లోబిన్ ఉంటుంది, ఆ ఎరుపు దానిదే. ఇవి పెద్దవై రెక్కలు తొడుక్కుని నీటి పైకి వచ్చే క్షణంలో, దుబ్బు మీద వాలే క్షణంలో సాలీడుకు దొరుకుతాయి. ఇవి మనిషిని కుట్టవు, వరిని ముట్టవు కాబట్టి ఎవరూ వీటిని లెక్కలోకి తీసుకోరు. వీటితో పాటు నీటి మీద ఆవగింజలో సగమైనా లేని స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిన్న జీవులు గెంతుతూ ఉంటాయి, నీటిలోని సూక్ష్మ జీవులను వడగట్టుకు తినే, మనుషులను కుట్టే మామూలు దోమల పిల్లలు కూడా ఉంటాయి. మీరు చూసిన బూడిద రంగు సాలీడు గూడు అల్లకుండా పరుగెత్తి వేటాడే తోడేలు సాలీడు జాతిది. అది నీటికి దగ్గరగా ఉండటానికి కారణం దాని అన్నం అక్కడినుంచి రావడమే.

ఇది ఊహ కాదు. ఇండోనేషియాలోని జావా ద్వీపపు వరిచేలలో విలియం సెటిల్, ఆయన సహచరులు చేసి 1996లో ప్రచురించిన పరిశోధనలో ఈ విషయమే తేలింది. సేంద్రియ పదార్థం అదనంగా వేసిన మళ్లలో కుళ్లును తినే జీవులూ, నీటిలోని సూక్ష్మ జీవులను తినే జీవులూ పెరిగాయి, వాటి వెంట సాలీళ్ల వంటి, రకరకాల పురుగులను తినే వేటజీవులు కూడా పెరిగాయి. ఈ చిన్న జీవుల సంఖ్య పంట తొలి దశలోనే బాగా పెరుగుతుంది, వరిని తినే పురుగులు ఆ తర్వాత పుంజుకుంటాయి. అంటే దోమ వచ్చేనాటికి దాన్ని తినేవి చేనులో అప్పటికే కాపురం పెట్టి, పిల్లలను కని సిద్ధంగా ఉంటాయి. విశాలమైన ప్రాంతమంతా ఒకేసారి నాట్లు వేసి, పంటకూ పంటకూ మధ్య భూమిని చాలా కాలం ఎండబెట్టిన చోట్ల ఈ వేటజీవులు చేనికి ఆలస్యంగా చేరినట్టు కూడా అదే పరిశోధన గమనించింది.

ఇక మీ రెండో సందేహం. సుడిదోమ తన గుడ్లను ఆకుతొడుగు కండలోకి దించి పెడుతుంది. పైపైన కొట్టిన మందు వాటికి చేరదు. నీటి మీదా, దుబ్బు మొదట్లోనూ తిరుగుతున్న సాలీడు మాత్రం మందుకు నేరుగా దొరికిపోతుంది. వారం పది రోజుల్లో ఆ గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చేసరికి వాటికి శత్రువే ఉండదు. దోమ దాదాపు నెల రోజుల్లో ఒక తరం పూర్తి చేస్తుంది, సాలీడుకు అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది కాబట్టి ఆ పంటకాలంలో అది మళ్లీ కోలుకోలేదు. దోమ గుడ్లనే వెతికి పీల్చే మిరిడ్ నల్లి అనే ఆకుపచ్చ మిత్రపురుగుదీ ఇదే గతి. పైగా డెల్టామెత్రిన్ వంటి సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు చావకుండా మిగిలిన దోమల సంతానోత్పత్తిని పెంచుతాయని కూడా ప్రయోగాల్లో తేలింది. మందు కొట్టాకే దోమ విజృంభించిందని రైతులు చెప్పే మాట వెనుక ఇంత కథ ఉంది.

ఫిలిప్పీన్స్‌లో పీటర్ కెన్మోర్ అనే శాస్త్రవేత్త 1970ల చివరలో చేసిన పరిశోధన ఈ సంబంధాన్ని చేలలోనే నిరూపించింది. ఇండోనేషియా దాన్ని విధానంగానే మార్చుకుంది. దోమపోటుతో పంటలు పోతున్న ఆ దేశంలో 1986లో అధ్యక్షుడు సుహార్తో ఉత్తర్వుతో 57 రకాల పురుగుమందులను వరి మీద వాడకుండా నిషేధించారు, 1989 నాటికి పురుగుమందుల సబ్సిడీని పూర్తిగా ఎత్తేశారు. జీవుల మధ్య ఉండే సంబంధాన్ని గుర్తించి ఒక ప్రభుత్వం ఇంత పెద్ద నిర్ణయం తీసుకోవడం అరుదు. మన పాఠ్యపుస్తకాల్లో ఈ ఉదంతానికి చోటు ఉండాలని నా అభిప్రాయం.

సమాధానం
జీవావరణ శాస్త్రం చదువుకున్న పాఠకుడు, హైదరాబాద్

పై సమాధానంతో ఏకీభవిస్తూ, పిరమిడ్ విషయం, అంటే పై మెట్లకు పోయేకొద్దీ తగ్గుతుందన్న లెక్క సంగతి, ఒక్కటే విడిగా చెబుతాను. విద్యార్థి అడిగిన ప్రశ్నలో రెండు వేరువేరు కొలతలు కలిసిపోయాయి. ఒక రోజున చేనులో ఎన్ని జీవులు కనబడ్డాయన్నది ఒక కొలత. ఒక కాలంలో ఒక మెట్టు నుంచి పై మెట్టుకు ఎంత శక్తి ప్రవహించిందన్నది మరొక కొలత. కాలువలో ఒక క్షణాన కనిపించే నీటిని చూసి రోజంతా ఎంత నీరు పారిందో చెప్పలేనట్టే, ఒక పూట లెక్కపెట్టిన పురుగుల సంఖ్య ప్రవాహాన్ని చెప్పదు. కైరోనమిడ్ ఈగలు వెచ్చని నీటిలో కొద్ది వారాల్లోనే ఒక తరం ముగిస్తాయి. రెక్కలు వచ్చాక కొద్ది రోజులే బతుకుతాయి. పుట్టినవి పుట్టినట్టే తినబడుతూ ఉంటే, ఏ క్షణంలో చూసినా అవి తక్కువగానూ, నెలల తరబడి బతికే సాలీళ్లు ఎక్కువగానూ కనిపించవచ్చు. సంఖ్యల పిరమిడ్ తలకిందులు కావడం ప్రకృతిలో మామూలే. ఒక్క మామిడిచెట్టు మీద వేల తేనెమంచు పురుగులు ఉండటం కూడా అటువంటిదే. శక్తి పిరమిడ్ మాత్రం తలకిందులు కాదు, ఎందుకంటే తిన్నదానిలో పెద్ద భాగం ప్రతి జీవిలోనూ శ్వాసక్రియలో ఖర్చయి వేడిగా పోతుంది, ఆ వేడిని తిరిగి ఏ జీవీ వాడుకోలేదు.

పదో వంతు అన్నది కూడా ఖచ్చితమైన నియమం కాదని పిల్లలకు చెప్పడం మంచిది. సంఖ్యల పిరమిడ్‌ను 1927లో చార్లెస్ ఎల్టన్ వివరించాడు. దాన్ని శక్తి లెక్కగా మార్చినవాడు రేమండ్ లిండెమన్. అమెరికాలోని మిన్నెసోటాలో సెడార్ బాగ్ అనే చిన్న చెరువును ఏళ్ల తరబడి పరిశీలించి ఆయన రాసిన వ్యాసం 1942లో అచ్చయింది, అప్పటికే ఆయన 26 ఏళ్ల వయసులో మరణించాడు. ఆ చెరువులో మొక్కలూ నాచూ కలిసి పట్టుకున్నది పడిన ఎండలో 0.1 శాతమే. అక్కడి నుంచి శాకాహారులకు అందింది 13.3 శాతం, వాటిని తినేవాటికి 22.3 శాతం. ఎక్కడా సరిగ్గా పది లేదు. పది అన్నది గుర్తుపెట్టుకోవడానికి వీలుగా స్థిరపడిన స్థూలమైన అంకె.

వరిచేనుకు ఇంకా దగ్గరగా పనికొచ్చే ఉదాహరణ ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్ ఊటనీటి మీద హోవర్డ్ ఓడమ్ 1957లో ప్రచురించిన లెక్క. చదరపు మీటరుకు ఏడాదికి మొక్కలు మొత్తంగా తయారుచేసింది 20,810 కిలోకేలరీలు. అందులో శాకాహారులకు చేరింది 3,368, మాంసాహారులకు 383, అన్నిటికంటే పై మెట్టుకు 21. ఈ నాలుగు అంకెలనే సాధారణంగా బల్ల మీద రాస్తారు. కుళ్లబెట్టే జీవుల గుండా వెళ్లిన 5,060 కిలోకేలరీలను పక్కన ఒక పెట్టెలో పెట్టి వదిలేస్తారు. శాకాహారుల వాటా కంటే అది పెద్దది. మీ విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు ఆ పక్క పెట్టెలోనే ఉంది, ఎందుకంటే ఆ శక్తి అంతా అక్కడే ఆగిపోదు, కుళ్లును తిన్న జీవిని మరొకటి తిన్నప్పుడు కొంత భాగం తిరిగి పై మెట్లలోకి ఎక్కుతుంది.

ఒక్క మాట చేర్చాలి. శక్తి ఒకే దిశలో పోతుంది, కానీ నత్రజని వంటి పోషకాలు చేనులోనే తిరుగుతూ ఉంటాయి. ఈ రెండూ కలిసే చోటు సుడిదోమ ఒంట్లోనే ఉంది. వరి రసంలో చక్కెర దండిగా ఉంటుంది కానీ నత్రజని చాలా తక్కువ. దోమ శరీరంలో ఈస్ట్ వంటి సూక్ష్మజీవులు స్థిర నివాసం ఏర్పరచుకుని, దానికి కావలసిన అమైనో ఆమ్లాలను సమకూర్చి పెడతాయి, బదులుగా ఆశ్రయం పొందుతాయి. ఎక్కువైన చక్కెరను దోమ తేనెబంకగా విసర్జిస్తుంది, దాని మీద నల్లని మసిబూజు పడుతుంది. మనం అవసరానికి మించి యూరియా వేసినప్పుడు ఆ రసంలోనే నత్రజని పెరుగుతుంది, దోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది. అంటే మొదటి దఫా యూరియానూ పురుగుమందునూ కలిపి వేసినప్పుడు దోమకు తిండి పెంచి, దాని శత్రువును తీసేసినట్టవుతుంది.

సమాధానం
కోనసీమ వరి రైతు

పెద్దలిద్దరూ చెప్పింది చేనులో నేను చూస్తున్నదానికి సరిపోతోంది. అయితే ఈ మాటలు చదివి తొలి దశలో ఏ పురుగునూ పట్టించుకోనక్కరలేదని ఎవరూ అనుకోకూడదు. కాండం తొలిచే పురుగు సంగతి వేరు. దాని తల్లిపురుగు నారుమడిలోనే ఆకు కొనల మీద గుడ్ల కుప్పలు పెట్టి గోధుమ రంగు నూగుతో కప్పుతుంది, అందుకే నాటే ముందు నారు కొనలు తుంచి నాటమని పెద్దలూ శాస్త్రవేత్తలూ ఒకే మాట చెబుతారు. ఆ గుడ్లలోనే తన గుడ్డు పెట్టి నాశనం చేసే ట్రైకోగ్రామా వంటి చిన్న కందిరీగలు కూడా మనకు మిత్రులే, అవీ మందుకు చస్తాయి. ఆకుముడత విషయంలో మాత్రం నాటిన తొలి నలభై రోజుల్లో కొద్దిపాటి ఆకు పోయినా పైరు కొత్త పిలకలతో పూడ్చుకుంటుంది. 1994లో వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో రైతులకు రేడియో ద్వారా చెప్పింది కూడా తొలి నలభై రోజులు ఆకు తినే పురుగులకు మందు కొట్టవద్దనే.

బురదలోంచి వచ్చే దారి గురించి నాకు బెంగ ఎక్కువ. పూర్వం దాళ్వా, అంటే రబీ పంట, కోశాక పిల్లిపెసర చల్లేవాళ్లం, పశువులు మేయగా మిగిలింది దమ్ములో కలిసిపోయేది. పశువులుండేవి కాబట్టి పెంట ఉండేది. ఇప్పుడు యంత్రంతో కోసిన గడ్డిని చాలాచోట్ల చేనులోనే తగలబెడుతున్నారు. పైన చెప్పిన లెక్క ప్రకారం చూస్తే ఆ మంటలో పోయేది బురద జీవులకు రావలసిన తిండి, అంటే సాలీడుకు రావలసిన తిండి. అలాగని పచ్చి గడ్డిని ఆఖరి నిమిషంలో తొక్కి వెంటనే నాట్లు వేయడం కూడా తప్పే. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని కొంతకాలం తామే పట్టి ఉంచుకుంటాయి, వేళ్లకు హాని చేసే వాయువులు పుడతాయి, నారు పసుపు రంగుకు తిరిగి ఊపందుకోదు. జీలుగనో జనుమునో పూత సమయంలో కలియదున్ని, కుళ్లడానికి గడువిచ్చి నాటాలి.

దమ్ము చేస్తుంటే ట్రాక్టరు వెనుక కొంగలు బారులు తీరడం అందరూ చూసే ఉంటారు. చక్రం తిరగేసిన బురదలోంచి ఎర్రలను, కప్పపిల్లలను, నీటి పురుగులను ఏరుకు తింటాయి. ఆ తిండి చేను దాటి చెట్ల మీది గూళ్లకు పోతుంది. గొలుసు గట్టు దగ్గర ఆగదని పిల్లలకు చూపించడానికి ఇంతకంటే తేలికైన చోటు లేదు. కప్పల విషయంలో మరో సంగతి కూడా చెప్పండి. మన దేశం నుంచి కప్ప కాళ్లను విదేశాలకు పెద్ద ఎత్తున ఎగుమతి చేసేవారు, పురుగులను తినే కప్పలు తగ్గిపోతున్నాయన్న ఆందోళనతో 1987లో ఆ ఎగుమతిని నిషేధించారు.

సాలీళ్లు ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. దోమకు లొంగే సాంబమసూరి, అంటే బీపీటీ 5204, ఒత్తుగా నాటి, యూరియా దండిగా వేసి, మబ్బు పట్టిన రోజుల్లో దుబ్బులు చూడకుండా వదిలేస్తే ఏ సాలీడూ కాపాడలేదు. దోమను కొంత తట్టుకునే ఎంటీయూ 1010 వంటి రకాలను మార్టేరు వరి పరిశోధన స్థానం ఇచ్చింది. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా తీస్తే దుబ్బుల మొదళ్లకు గాలి వెలుతురు తగిలి దోమకు ఇష్టమైన చెమ్మ తగ్గుతుంది. దుబ్బు తట్టినప్పుడు దోమలను మాత్రమే కాక సాలీళ్లనూ మిరిడ్ నల్లులనూ కూడా లెక్కపెట్టి, ఆ తర్వాతే మందు సంగతి ఆలోచించాలి.

తిరుగు ప్రశ్న
జీవశాస్త్ర ఉపాధ్యాయిని

అందరికీ కృతజ్ఞతలు. బల్ల మీద నేను గీసే బొమ్మ మారబోతోంది, వరి పక్కనే బురదకు కూడా ఒక మొదటి మెట్టు గీస్తాను. ఒక చిక్కు మిగిలింది. దోమ ఎక్కువైనప్పుడు చేనులో నీరు తీసి ఆరబెట్టమని వ్యవసాయ శాఖవారు చెబుతారు. నీరు తీస్తే కైరోనమిడ్ పిల్లలూ, కుట్టే దోమల పిల్లలూ చస్తాయి కదా? అంటే సాలీడు తిండి మనమే తీసేస్తున్నట్టు కాదా?

సమాధానం
కీటకశాస్త్ర పరిశోధక విద్యార్థి

సరైన చిక్కే పట్టుకున్నారు. ఇక్కడ సమయమే కీలకం. బురద దారి సాలీడుకు ఎక్కువగా అక్కరకొచ్చేది నాటిన తొలి వారాల్లో, వరిని తినే పురుగులు పలుచగా ఉన్నప్పుడు. ఆ దశలో ఎలాగూ పలుచగా నీరు నిలబెడతాం. ఆరబెట్టమని చెప్పేది తర్వాతి దశలో, దుబ్బు కట్టి దోమ పెరిగాక. అప్పటికి సాలీడుకు దోమే తిండి. తోడేలు సాలీళ్లు నీరు లేని నేల మీద కూడా వేటాడగలవు. నెర్రెలు పడేదాకా కాకుండా బురద పదునుగా ఉండేలా కొద్ది రోజులు ఆరబెట్టి మళ్లీ తడి పెడితే బురదలోని పిల్లపురుగుల్లో కొన్నయినా మిగులుతాయి. పంట కాలువలూ తడి గుంటలూ దగ్గరలో ఉంటే అక్కడినుంచి ఈగలు మళ్లీ వచ్చి గుడ్లు పెడతాయి.

ఆరబెట్టడంలో మరో లాభం కూడా ఉంది. నీరు నిలిచిన బురదలో గాలి చొరబడదు కాబట్టి అక్కడ కుళ్లే పదార్థంలోని శక్తిలో కొంత ఏ పురుగుకూ అందకుండా, మీథేన్ పుట్టించే సూక్ష్మజీవుల గుండా వాయువుగా వరి కాడల్లోంచి ఆకాశంలోకి పోతుంది. మధ్యమధ్య ఆరబెట్టిన చేలలో ఈ మీథేన్ గణనీయంగా తగ్గుతుంది.

మీరు గీయబోయే బొమ్మలో సాలీడు నుంచి సాలీడుకే ఒక బాణం కూడా పెట్టండి. పెద్దవి చిన్నవాటిని తింటాయి, మిత్రపురుగైన మిరిడ్ నల్లిని కూడా వదలవు. అప్పుడు ఆ బొమ్మ నిచ్చెనలా ఉండదు, బాణాలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. పరీక్షలో అడిగే గొలుసు కోసం అందులోంచి ఒక్క వరుసను రంగు సుద్దతో దిద్ది చూపిస్తే పిల్లలకు రెండూ అర్థమవుతాయి.